ఏరోపోనిక్ బకెట్‌లో మందారం కొమ్మలన్నీ నల్లబడ్డాయి, తప్పెక్కడ జరిగింది?

మిద్దెమీద_చేమంతి:

అందరికీ నమస్కారం. మాది హైదరాబాద్, బోడుప్పల్. మేడ మీద నలభై కుండీలుంటాయేమో, పెద్ద తోటేం కాదు. మొక్క పెంచడం వచ్చు గానీ కొమ్మ నుంచి మొక్క తీయడంలో నాది మంచి చెయ్యి కాదు, ఇసుకలో పది గుచ్చితే రెండో మూడో బతుకుతాయి. అందుకని యూట్యూబ్‌లో ఏరోపోనిక్ క్లోనర్ (మట్టి లేకుండా, మూసిన డబ్బాలో నీళ్లు చిమ్ముతూ కొమ్మలకు వేర్లు తెప్పించేది) అని చూసి, "నాసా టెక్నాలజీ, వారంలో వేర్లు" అంటే ఆశపడి ఇంట్లోనే ఒకటి తయారుచేశాను.

మూత ఉన్న 20 లీటర్ల తెల్ల పెయింటు బకెట్ తీసుకున్నాను. లోపల కూలర్లో వాడే 18 వాట్ల పంపు, దాని మూతికి నిలువుగా అరంగుళం పైపు, పైన ప్లస్ గుర్తులా నాలుగు పైపు ముక్కలు, వాటి చివర్లకు డ్రిప్ సామాన్ల షాపులో కొన్న ఫాగర్లు (నీళ్లను పొగలా చిమ్మే నాజిళ్లు) నాలుగు. మూతకు పన్నెండు బెజ్జాలు వేయించాను. కొమ్మ కదలకుండా పాత సోఫాలోంచి తీసిన స్పాంజిని గుండ్రంగా కత్తిరించి, మధ్యలో గాటు పెట్టి బిగించాను. నీళ్లు బోరువి, ఎనిమిది లీటర్లు. పంపు ఇరవై నాలుగు గంటలూ నడుస్తూనే ఉంది. బకెట్ మేడ మీద రేకుల షెడ్డులో ఉంటుంది, నేరుగా ఎండ పడదు.

పెట్టినవి మందారం ఆరు, గులాబీ మూడు, కోలియస్ రెండు, మల్లె ఒకటి. రూటింగ్ హార్మోన్ పొడి అద్దాను, మంచిదే కదా అని ఒక చెంచా నీళ్లలో కూడా కలిపాను.

రెండు రోజులు అన్నీ పచ్చగా నిలబడ్డాయి. నాలుగో రోజుకి మందారం ఆకులు వేలాడేశాయి. ఇవాళ తొమ్మిదో రోజు. పైకి తీసి చూస్తే అడుగున అంగుళం మేర నల్లగా ఉంది, పట్టుకుంటే తొక్క జిగురుగా ఊడి చేతికొస్తోంది, లోపల పుల్ల మిగులుతోంది. కాలువ వాసన. కోలియస్‌లో ఒకదానికి మాత్రం వేర్లొచ్చాయి.

మా అత్తయ్య రోజూ మెట్లెక్కి వచ్చి ఒకసారి మూత ఎత్తి చూసి, ఏమీ అనకుండా దిగి వెళ్లిపోతున్నారు. అదే ఎక్కువ బాధగా ఉంది. ఎక్కడ తప్పు చేశానో చెప్పండి ప్లీజ్.


ప్రెషర్_గేజ్:

చేమంతి గారూ, ముందు మీ ఫాగర్ల సంగతి తేలుద్దాం. మూత కొంచెం ఎత్తి టార్చి వేసి చూడండి. పొగలా వస్తోందా, లేక నాజిల్ మూతి దగ్గర చుక్క ఊరి బొట్టుబొట్టుగా కారుతోందా? కారుతోందనే నా పందెం.

ఎందుకంటే డ్రిప్ షాపులో అమ్మే ఫాగర్‌కి రెండు నుంచి నాలుగు బార్ల ఒత్తిడి కావాలి. ఒక బార్ అంటే పది మీటర్ల ఎత్తున్న ట్యాంకు నుంచి దిగే నీటి ఒత్తిడి అనుకోండి. కూలర్ పంపు నీటిని ఎంత ఎత్తుకి తోయగలదో డబ్బా మీదే రాసి ఉంటుంది, మహా అయితే రెండు మీటర్లు. అంటే 0.2 బార్. కావలసిన దానిలో పదో వంతుకు మించదు. కూలర్ పంపుకి నీళ్లు ఎక్కువ, బలం తక్కువ. గడ్డి మీద ధారగా పోయడానికే దాన్ని చేశారు, సన్నటి రంధ్రంలోంచి చిమ్మడానికి కాదు. పైగా మీరు హార్మోన్ పొడి నీళ్లలో కలిపారు. ఆ పొడిలో తొంభై తొమ్మిది పాళ్లు ముఖానికి రాసుకునే పౌడర్ లాంటి టాల్కే, అది కరగదు, వెళ్లి నాజిల్లో కూర్చుంటుంది. అందులో అసలు మందు ఐబీఏ, అది కూడా మామూలు నీళ్లలో దాదాపు కరగదు, ఆల్కహాల్‌లో కరుగుతుంది. కాబట్టి ఆ చెంచాడు వృథా.

ఇప్పుడు ఏం చేయాలంటే, ఫాగర్లు పీకేయండి. పైపు చివర్లకు మూతలు బిగించి, పైపు పైభాగంలో ఒక మిల్లీమీటరు డ్రిల్ బిట్‌తో పాతిక ముప్పై బెజ్జాలు వేయండి. నీళ్లు సన్నటి ధారలుగా పైకి లేచి మూతకు తగిలి చెదిరి కొమ్మల మీదుగా జారుతాయి. అందం ఉండదు, వాన చినుకుల్లా చప్పుడు చేస్తుంది, కానీ కొమ్మకు కావలసింది అంతే. కొమ్మ చివర తడిగా ఉండాలి, చుట్టూ గాలి ఉండాలి. పొగమంచు కావాలని కొమ్మ అడగలేదు, అది యూట్యూబ్ వాళ్లకు కావాలి.

నిజంగా పొగలా కావాలంటే వాటర్ ప్యూరిఫయర్‌లో వాడే 24 వోల్టుల బూస్టర్ పంపు పెట్టాలి, దానికి ఐదారు బార్లు వస్తుంది. కానీ దాని ముందు ఫిల్టర్ కావాలి, నాజిల్ ఒక్కటి మూసుకుపోయినా తెలీదు, తెలిసేసరికి కొమ్మ ఎండిపోయి ఉంటుంది. పన్నెండు కొమ్మల కోసం అంత అవసరం లేదు.

నాసా మాట వచ్చింది కాబట్టి ఒక్క ముక్క. ఇది నాసా కనిపెట్టినది కాదు. ఏరోపోనిక్స్ అన్న పేరు పెట్టింది ఫ్రిట్స్ వెంట్ అనే వృక్ష శాస్త్రవేత్త, 1957లో. కొమ్మలకు వేర్లు పుట్టించే యంత్రంగా అమెరికాలో 1983లోనే మార్కెట్లోకి వచ్చింది. నాసా వాళ్లు 1997లో మిర్ అంతరిక్ష కేంద్రంలో బీన్స్ గింజల మీద ప్రయోగం చేశారు, అప్పట్నుంచి ప్రతి వీడియోకీ ఆ పేరు తగిలిస్తున్నారు. మనకు దగ్గరగా చూడాలంటే షిమ్లాలోని కేంద్ర బంగాళాదుంప పరిశోధన సంస్థ వాళ్లు ఈ పద్ధతిలోనే విత్తన దుంపలు తీస్తున్నారు.

ఇక నల్లబడడం. దానికి ఒక్క ఒత్తిడే కారణం కాదనిపిస్తోంది. రెండు విషయాలు చెప్పండి. మధ్యాహ్నం మూడింటికి బకెట్లో నీళ్లు ఎంత వేడిగా ఉన్నాయి? నలుపు కొమ్మ కింది చివర నుంచి పైకి వచ్చిందా, లేక స్పాంజి దగ్గర మొదలైందా?


మిద్దెమీద_చేమంతి:

టార్చి వేసి చూశాను. మీరన్నట్టే, నాలుగింటిలో మూడు కారుతున్నాయి, ఒకటి అసలు పని చేయడం లేదు. సిగ్గేసింది. తొమ్మిది రోజులుగా లోపల గుయ్యిమని చప్పుడు వస్తుంటే పొగలా చిమ్ముతోందనే అనుకున్నాను.

వేడి చూడడానికి వేరే ఏమీ లేక జ్వరం చూసే డిజిటల్ థర్మామీటర్ పెట్టాను. పొద్దున ఏడింటికి పెడితే అంకె రాకుండా "లో" అని చూపించింది. మధ్యాహ్నం మూడింటికి 36.4 అని చూపించింది. మా బకెట్‌కి జ్వరం లేదు, నార్మల్.

నలుపు నాలుగు కొమ్మలకు కింద నుంచి వచ్చింది. రెండింటికి మాత్రం కింద బాగానే ఉంది, సరిగ్గా స్పాంజి నొక్కిన చోట చుట్టూ కమిలి, అక్కడ మెత్తబడి వంగిపోయాయి.


ప్రెషర్_గేజ్:

36.4! నవ్వొచ్చింది గానీ అదే మీ హంతకుడు.

వేర్లు పుట్టడానికి నీళ్లు 20 నుంచి 25 డిగ్రీల మధ్య ఉంటే హాయిగా ఉంటుంది. 28 దాటితే కుళ్లు తెగులు మొదలవుతుంది. 20 డిగ్రీల నీటిలో లీటరుకి సుమారు తొమ్మిది మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది, 30 దగ్గరకొస్తే ఏడున్నర. చిమ్మే నీటికి గాలి ఎలాగూ తగులుతుంది కాబట్టి ఆక్సిజన్ తగ్గడం ఒక్కటే చంపదు, కానీ అదే వేడిలో పిథియం లాంటి నీటి బూజులు పండగ చేసుకుంటాయి. తొక్క ఊడి పుల్ల మిగలడం, జిగురు, కాలువ వాసన, అన్నీ దాని లక్షణాలే.

వేడంతా రేకుల షెడ్డుదే అనుకోకండి. పంపు తినే కరెంటు చివరికి ఎక్కడికి పోతుంది? నీళ్లలోకే. 18 వాట్లు, ఎనిమిది లీటర్లు, లెక్క వేస్తే గంటకు దాదాపు రెండు డిగ్రీలు పెంచగలదు. బకెట్ గోడల నుంచి కొంత వేడి బయటకు పోతుంది కాబట్టి అంత కనిపించదు, కానీ రేకుల కింద బయటి గాలే నలభై ఉంటే పోయేదెక్కడికి? మీరు తొమ్మిది రోజులు బకెట్లో చిన్న వాటర్ హీటర్ నడిపారు.

ఒక నిమిషం నడిచి నాలుగు నిమిషాలు ఆగేలా సైక్లిక్ టైమర్ పెట్టండి. మామూలు గుండ్రటి టైమర్, పదిహేను నిమిషాల పళ్లు ఉండేది, అంత సన్నగా కోయలేదు. అదొక్కటే దొరికితే పదిహేను నడిచి పదిహేను ఆగేలా పెట్టినా సగం వేడి తగ్గినట్టే, వేర్లు రాని కొమ్మలు ఆ మాత్రం ఆగుతాయి. బకెట్‌ని ఇంట్లోకి దించండి, వంటింటి వెనక గిన్నెలు కడిగే చోటో, బాత్రూమ్ మూలో, ఎక్కడ నేల చల్లగా ఉంటే అక్కడ. చుట్టూ తడి గోనెపట్టా చుట్టితే ఇంకా తగ్గుతుంది.

తెల్ల బకెట్‌లోంచి వెలుతురు లోపలికి వెళ్తుంది, పాచి పడుతుంది. బయట ముందు నల్ల రంగు, దాని మీద తెల్ల రంగు వేయండి. నలుపు వెలుతురుని ఆపుతుంది, తెలుపు వేడిని ఆపుతుంది.


వరంగల్_పుదీనా:

అక్కా, స్పాంజి గురించి నేను చెప్తా, నేను కూడా అదే తప్పు చేసిన. సోఫా స్పాంజి నీళ్లు పీల్చి పట్టుకుంటుంది, మెడ దగ్గర కొమ్మకి ఎప్పుడూ తడి పట్టీ కట్టినట్టు ఉంటుంది. గాలి తగలదు, కమిలిపోతుంది. బయట కంపెనీ వాళ్లు నియోప్రీన్ అని అమ్ముతారు, పన్నెండింటికి వాళ్లు చెప్పే రేటు చూస్తే ఆ డబ్బుతో పన్నెండు మందారం మొక్కలే కొనుక్కోవచ్చు. నేనైతే పాత యోగా మ్యాట్ కోసిన. నీళ్లు పీల్చదు, మెత్తగా ఉంటుంది, గాటు పెడితే కొమ్మని పట్టుకుంటుంది. మందం తక్కువైతే రెండు పొరలు పెట్టు. హవాయి చెప్పులు కూడా ట్రై చేసిన, గట్టిగా ఉండి లేత కొమ్మలు నలిగినయ్.

ఇంకోటి, బోరు నీళ్లు వద్దు. మన దగ్గర బోరు నీళ్లలో సున్నం ఎంత ఉంటదో గీజర్ కాయిల్ విప్పి చూస్తే తెలుస్తది. మిల్లీమీటరు బెజ్జాలు నెల తిరగకుండా తెల్లగా పూడుకుపోతయ్. నల్లా నీళ్లు పట్టి ఒక రాత్రి బకెట్లో ఉంచి వాడు. ఇప్పటికే పేరుకుంటే నిమ్మ ఉప్పు వేసిన నీళ్లలో పైపు నానబెట్టు, పోతది. ప్యూరిఫయర్ నుంచి వేస్టుగా పోయే నీళ్లు మాత్రం అస్సలు పొయ్యకు, అందులో ఉప్పులు ఇంకా ఎక్కువ.

నీళ్లలో ఎరువు కూడా ఇప్పుడే వద్దు. వేర్లు లేని కొమ్మ తినేదేం లేదు, తినేది పాచే.


కడియం_నర్సరీ:

నమస్కారం అండి. మాది కడియపులంక, మా తాతగారి నుంచీ ఇదే పని. పైన చెప్పినవన్నీ బకెట్ గురించే ఉన్నాయి, కొమ్మ గురించి ఎవరూ అడగలేదు. ఏ కొమ్మ తీశారు, ఎప్పుడు తీశారు, దేంతో కోశారు?

చాలామంది కత్తెరతో కోస్తారు. కత్తెర చివర నలుపుతుంది, నలిగిన చోటే కుళ్లు మొదలవుతుంది. కొత్త బ్లేడుతో గణుపు కింద పావంగుళం వదిలి ఒక్క గీతలో ఏటవాలుగా కోయాలి. మందారానికి మరీ లేత పచ్చ కొమ్మా వద్దు, ముదురు గోధుమ రంగు పుల్లా వద్దు. పచ్చ నుంచి గోధుమ రంగుకి తిరుగుతున్న కొమ్మ, పెన్సిలంత లావు, జానెడు పొడవు. వంచితే టప్పున విరగకూడదు, తీగలా ఊగిపోనూ కూడదు. పైన రెండాకులు ఉంచి మిగతావి తీసేయండి, ఆ రెండూ పెద్దవైతే సగానికి కోయండి. మొగ్గ ఉంటే నిర్దాక్షిణ్యంగా తుంచండి. పొద్దున్నే ఎండ రాకముందు తీసి వెంటనే నీళ్లలో వేయాలి.

మందారంలో రకం కూడా చూడాలండి. ఎర్ర రెక్క మందారం, ముద్ద మందారం మన ఊళ్లలో కంచెలకు వేసేవి సులువుగా వస్తాయి. రంగురంగుల హైబ్రిడ్లు, అరచేయంత పువ్వు పూసేవి, చాలావరకు అంటు కట్టినవే. వాటి కొమ్మకు వేరు రావడం కష్టం, వచ్చినా బలం ఉండదు. గులాబీ కూడా అంతే, నర్సరీలో కొన్న గులాబీ అంటు మొక్కే. నాటు గులాబీ కొమ్మ పెట్టి చూడండి, తేడా తెలుస్తుంది.

హార్మోన్ అద్దేటప్పుడు డబ్బాలో నేరుగా ముంచకండి, చిన్న కాగితం మీద పోసుకుని అద్ది, తట్టి ఎక్కువైంది దులిపేయండి. ముదురు కొమ్మలకు మేము పొడి వాడము, ఐబీఏని ఆల్కహాల్‌లో కరిగించి నీళ్లు కలిపి లీటరుకు రెండు మూడు గ్రాముల లెక్కన ద్రావణం చేసి ఐదు సెకన్లు ముంచి తీస్తాం. ఎక్కువసేపు ఉంచితే మంచిది అనుకుంటారు, మాడిపోతుంది.

మా దగ్గర మిస్ట్ చాంబర్లు ఉన్నాయి, అవీ ఫాగర్లే, కానీ మేము చిమ్మేది ఆకుల మీద. ఆకు వాడకుండా ఉంటే కొమ్మ బతికి ఉంటుంది, బతికి ఉంటే వేరు దానంతట అదే వేస్తుంది. మీ బకెట్ కింద తడుపుతోంది, పైన ఆకుకి వడగాలి కొడుతోంది. కొమ్మ ఆ రెంటి మధ్యా నలిగిపోతోంది. ఈ మార్చి చివర్లో మేమే ఆచితూచి చేస్తాం. తొలకరి పడనివ్వండి, గాలిలో తేమ వచ్చాక మీ బకెట్ తీయండి, సగం సమస్యలు వాటంతట అవే పోతాయి.

నా సొంత అభిప్రాయం అడిగితే, మందారానికి ఇంత యంత్రం అక్కర్లేదండి. కడిగిన ఇసుక, కొబ్బరి పొట్టు చెరి సగం కలిపి కవర్లో వేసి గుచ్చితే చాలు. కానీ ఒకటి ఒప్పుకోవాలి, మేము ఇసుకలోంచి పీకి చూస్తే సన్న వేర్లు తెగుతాయి, మీకు మూత ఎత్తితే కనిపిస్తుంది. నేర్చుకునేవాళ్లకి అది మంచిదే.


ఎర్త్_వైరు:

అందరూ వేర్ల గురించే మాట్లాడుతున్నారు, మనిషి వేళ్ల గురించి ఎవరూ చెప్పలేదు. అది 230 వోల్టుల పంపు, నీళ్లలో ఉంది, మీరు రోజూ మూత ఎత్తి తడి చేతులతో కొమ్మలు తీస్తున్నారు. కూలర్ పంపు సీలు పాడై నీళ్లలోకి కరెంటు రావడం నేను చాలా చూశాను. మూత ఎత్తే ముందు ప్లగ్గు పీకండి, స్విచ్ ఆపడం కాదు, పీకడం. ఇంట్లో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) లేకపోతే ముందు అది పెట్టించండి. వైరు బకెట్ నుంచి నేరుగా ప్లగ్గుకి పోకుండా మధ్యలో కిందికి వేలాడేలా వదలండి, వైరు వెంట జారిన నీటి చుక్క అక్కడ కింద పడిపోతుంది, సాకెట్లోకి పోదు. పిల్లలుంటే 12 వోల్టుల పంపుకి మారండి, అడాప్టర్ మాత్రం దూరంగా, పొడిగా ఉండే చోట పెట్టండి.


డాలస్_కరివేపాకు:

నాది సరిగ్గా ఉల్టా కథ. గరాజ్‌లో పెట్టాను, జనవరిలో నీళ్లు 12 డిగ్రీలు, మూడు వారాలు కొమ్మలు పచ్చగానే ఉన్నాయి కానీ వేరన్న మాట లేదు, ఫ్రిజ్‌లో కొత్తిమీర పెట్టినట్టు ఊరికే ఉన్నాయి. అక్వేరియం హీటర్ వేసి 23కి తెచ్చాక పది రోజుల్లో తులసికి వచ్చాయి.

నా అసలు కోరిక కరివేపాకు. అది నిమ్మ కుటుంబం మొక్కే, ఇక్కడ నిమ్మ తోటలకు తెగులు మోసే పురుగు దీని మీదా బతుకుతుంది కాబట్టి ఒక చోటి నుంచి ఇంకో చోటికి మొక్కలు పంపడానికి ఆంక్షలు. అందుకే ఫ్రెండ్ ఇంట్లో ఉన్న చెట్టు కొమ్మలు ఎనిమిది తెచ్చి పెట్టాను. ఎనిమిదీ పోయాయి. ఎవరికైనా కొమ్మ నుంచి కరివేపాకు వచ్చిందా?


కడియం_నర్సరీ:

కరివేపాకుకి కొమ్మతో ఎందుకండి పోరు. తల్లి చెట్టు మొదట్లో వేరు నుంచి పిలకలు లేస్తాయి, ఆ పిలకని వేరు ముక్కతో సహా తీసుకోండి. లేదా నల్లగా పండిన పండు గుజ్జు తీసేసి వెంటనే నాటండి, గింజ ఎండిందంటే మొలవదు.


మిద్దెమీద_చేమంతి:

జులై రెండో వారం. పాత పోస్టు పైకి తెస్తున్నందుకు క్షమించండి, కానీ ఇంతమంది ఇంత ఓపిగ్గా చెప్పాక ఫలితం చెప్పకపోతే బాగుండదు.

నర్సరీ గారి మాట విని జూన్ వరకు ఆగాను. బకెట్‌కి నలుపు, తెలుపు వేశాను (తెలుపు అయిపోయి ఒక వైపు గేటుకి వేసిన నీలం మిగిలితే అదే పూశాను). ఫాగర్లు తీసేసి ఇరవై ఎనిమిది బెజ్జాలు. యోగా మ్యాట్ మా వారిది, జనవరి ఒకటిన కొన్నారు, జనవరి మూడు నుంచి బీరువా పక్కన చుట్టి ఉంది, అడక్కుండానే కోసేశాను. టైమర్ ఒక నిమిషం, నాలుగు నిమిషాలు. నల్లా నీళ్లు, వారానికోసారి మార్చాను. చోటు వాషింగ్ మెషిన్ పక్కన. ఆర్‌సీసీబీ కూడా పెట్టించాను, ఎలక్ట్రీషియన్ బకెట్ చూసి ఇదేం మేడం అని అడిగితే చెప్పడానికి పది నిమిషాలు పట్టింది.

ఐదో రోజు కొమ్మ తొక్క మీద తెల్లటి పొక్కులు కనిపించాయి, ఉప్మా రవ్వ చల్లినట్టు. వేర్లే అనుకుని ఇంట్లో అందరినీ పిలిచాను. తీరా చూస్తే అవి రోజులు గడిచినా పెరగలేదు. పదమూడో రోజు కింద కోసిన అంచు చుట్టూ ఉబ్బి, ఆ ఉబ్బు పక్క నుంచి ఒక్కటే ఒక్క వేరు, సేమ్యా పోగంత, తెల్లగా. తర్వాత మూడు రోజుల్లో కుచ్చు కట్టేసింది.

లెక్క: ముద్ద మందారం ఎనిమిదిలో ఏడు. నాటు గులాబీ నాలుగులో ఒకటి. మల్లె నాలుగులో రెండు. కోలియస్ సులువుగా వచ్చేదే, దాని గురించి చెప్పుకోవడం అనవసరం.

ఇప్పుడు నా తప్పు. మొదట వేర్లొచ్చిన రెండు మందారాలని ఆనందం పట్టలేక అదే రోజు ఎర్రమట్టి కుండీలో పెట్టి మేడ మీద మిగతా మొక్కల పక్కన పెట్టాను. సాయంత్రానికి తలవాల్చేశాయి. మర్నాటికి పోయాయి. వేర్లు బెత్తెడు ఉన్నాయి, అయినా ఎందుకలా?


కడియం_నర్సరీ:

ఆ రవ్వ పొక్కులు వేర్లు కావండి. తొక్క మీద గాలి పీల్చుకునే చిన్న రంధ్రాలు ఉంటాయి, తడి ఎక్కువైతే అవే ఉబ్బి తెల్లగా కనిపిస్తాయి. మా కుర్రాళ్లు కూడా మొదట్లో అలాగే మోసపోతారు. కొమ్మకి మంచీ కాదు చెడూ కాదు.

మట్టిలో పోవడం మామూలే. ఎప్పుడూ తడిలో పెరిగిన వేరుకి మట్టిలో నీళ్లు వెతుక్కోవడం తెలీదు. బెత్తెడు దాకా ఆగకండి, రెండంగుళాలు లోపే దించాలి, పొడుగు వేరు మట్టిలో పెట్టేటప్పుడే విరుగుతుంది. ఎర్రమట్టి వద్దు, తడిపిన కొబ్బరి పొట్టులో కొంచెం ఇసుక కలిపి చిన్న కప్పులో పెట్టి, పైన పాలిథిన్ కవర్ బోర్లించి నీడలో ఉంచండి. నాలుగో రోజు నుంచి కవరు రోజుకి కొంచెం ఎత్తండి. పది రోజులకి కొత్త చిగురు కదిలితే అప్పుడు కుండీ, ఆ తర్వాతే ఎండ.


వరంగల్_పుదీనా:

అక్కా, నెక్స్ట్ బ్యాచ్ ముందు బకెట్, పంపు, పైపు అన్నీ బ్లీచింగ్ నీళ్లతో కడిగి, మంచి నీళ్లతో రెండుసార్లు కడిగి ఎండబెట్టు. యోగా మ్యాట్ ముక్కలు కూడా. పాత జిగురు కొంచెం ఉన్నా కొత్త కొమ్మలకి అంటుకుంటది. యోగా మ్యాట్ సంగతి అన్నకి తెలిసిందా?


మిద్దెమీద_చేమంతి:

ఇంకా తెలీదు. తెలిసే ప్రమాదం కూడా లేదు.

మిగతా ఐదూ మీరు చెప్పినట్టే కప్పుల్లో పెట్టాను నర్సరీ గారూ, ఐదూ చిగురు తొడిగాయి. ఇంకో విషయం, అత్తయ్య నాకు చెప్పకుండా జూన్‌లోనే అదే చెట్టు కొమ్మలు ఆరు తీసి, మెట్ల కింద ఇసుక డబ్బాలో గుచ్చి పెట్టుకున్నారట. నిన్న చూపించారు, నాలుగు బతికాయి. నావి ఎనిమిదిలో ఐదు కదా, లెక్క వేసి చూస్తే ఆవిడే కొంచెం ముందున్నారు. కరెంటు బిల్లు గురించి ఇంకా అడగలేదు.

ఇప్పుడు ఇంట్లో తొమ్మిది ముద్ద మందారాలు, పెట్టడానికి చోటు లేదు. ఉప్పల్, బోడుప్పల్ చుట్టుపక్కల వాళ్లు ఎవరైనా ఉంటే మెసేజ్ పెట్టండి, నాలుగు ఇచ్చేస్తాను. కుండీ మాత్రం మీరే తెచ్చుకోవాలి.